చుక్కల మిషను భాష

ఈ మధ్య ఇంజనీరింగ్ చదివిన పిల్లలు కొందరు నాకు ఫోన్ చేస్తున్నారు. "మేడం, డ్రైవర్లు రాయడం ఎలా నేర్చుకోవాలి? ఏ పుస్తకం చదవాలి?" అని అడుగుతున్నారు. ఓ పుస్తకం పేరు చెప్పి ఫోన్ పెట్టేయొచ్చు. కానీ నేను ఆ పని పుస్తకంలో నేర్చుకోలేదు. బందరు కోనేరు సెంటరు పక్క సందులో ఒక రిపేరు షాపులో మొదలుపెట్టి, చివరికి దివిసీమలో ఒక అంధ బాలికల బడిలో పూర్తిగా నేర్చుకున్నాను. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. కంప్యూటరుకీ, దానికి తగిలించిన మిషనుకీ మధ్య ఉండే దుబాసీయే డ్రైవరు. మిషను తయారుచేసినవాళ్ళే దాన్ని రాసి ఇస్తారు. ఇవ్వకపోతే, ఇచ్చింది పాతబడి పనిచేయకపోతే, మిషను బంగారంలా ఉన్నా ఇనప ముక్కతో సమానం. అప్పుడు దాని భాష మనమే నేర్చుకుని దుబాసీతనం చేయాలి. పని అంతే. వినడానికి చిన్నదే.

మూత విప్పకముందు

మా షాపు యజమాని వీరభద్రంగారు. సన్నగా, కోపంగా ఉండేవారు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసిన ఆడపిల్లను రిపేరు పనిలో పెట్టుకోవడం బందరులో అప్పటికి వింత. ఆయన దగ్గరి బంధువులే, "అమ్మాయిని బిల్లులు రాయడానికి పెట్టుకున్నావా?" అని అడిగారు. "బిల్లులు నేనే రాసుకుంటాను. నాకు కళ్ళు మందగించాయి, సోల్డరింగ్ ఆవిడ చేస్తుంది" అన్నారాయన. నన్ను సమర్థించడానికి కాదు, నిజంగానే కళ్ళు మందగించాయి. అయినా ఆ మాట నాకు చాలాకాలం ధైర్యం ఇచ్చింది.

ఒకసారి బంటుమిల్లి దగ్గర పాలకేంద్రం నుంచి కబురొచ్చింది. పాలలో వెన్న ఎంతుందో చూసే మిషను, ఆ అంకెను తీగ ద్వారా కంప్యూటరుకు పంపుతుంది. కంప్యూటరులో మాత్రం ఉండుండి పిచ్చి గుర్తులు పడుతున్నాయి. నేను మిషను లోపలి బోర్డు పోయిందనుకుని కొత్తది పట్టుకెళ్ళాను. స్క్రూడ్రైవరు తీయగానే, నాతో వచ్చిన వీరభద్రంగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"అమ్మాయ్, మూత విప్పకముందు వాళ్ళ పని వాళ్ళని చేసుకోనివ్వు. నువ్వు ఊరికే కూచుని చూడు."

కూర్చున్నాను. రైతులు వస్తున్నారు, పాలు పోస్తున్నారు, వెళ్తున్నారు. కాసేపటికి తెలిసింది. నిండిన కేను పక్కకి జరిపినప్పుడల్లా దాని అంచు తీగ మీదికి ఎక్కుతోంది. సరిగ్గా అప్పుడే పిచ్చి గుర్తులు. బోర్డుకేమీ కాలేదు, తీగ నలిగింది.

తిరిగి వచ్చేముందు ఆయన ఇంకో పని చేశారు. పరీక్షించడానికి షాపు నుంచి వెంట తెచ్చిన మా పాత కంప్యూటరును ఆ తీగకు మధ్యలో తగిలించి, మిషను పంపే అంకెలు మా తెరమీద కూడా కనబడేలా పెట్టారు. "చూశావా? ఇవి రెండూ మాట్లాడుకుంటుంటే మనం చాటుగా వింటున్నాం. పేరంటాల్లో మీ ఆడాళ్ళు చేసే పనే" అన్నారు. ఆ వేళాకోళం నాకు నచ్చలేదు గానీ, తెరమీద వరసగా దిగుతున్న ఆ అంకెలను వదలకుండా కాగితం మీద రాసుకుంటూ పోయాను. అంతవరకూ మిషన్లు పనిచేస్తాయనే తెలుసు. మాట్లాడతాయని ఆరోజే తెలిసింది.

ఆయన పోయాక షాపు నేనే నడిపాను.

ఫోనులో గొంతు

నేను షాపు మూసేద్దామని అనుకుంటున్న ఏడాది, ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"ఏవండీ, మీరు ప్రింటర్లు బాగుచేస్తారని చెప్పారు, నిజమేనా?"

"చేస్తానండీ. ఏ కంపెనీది?"

"ఆ సంగతి నేను చదివి చెప్పాలంటే దానిమీద బ్రెయిలీలో రాయలేదండీ వాళ్ళు. బ్రెయిలీ ప్రింటరే అయినా సరే!" అని గట్టిగా నవ్వారు అవతలివాళ్ళు.

ఆవిడే రత్నకుమారిగారు. అవనిగడ్డ దాటాక కోడూరు వెళ్ళే దారిలో ఉన్న ఆ బడిలో లెక్కలూ తెలుగూ చెబుతారు. పుట్టుకతోనే చూపు లేదు. నేను బస్సెక్కి వెళ్ళేసరికి గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. "రండి ఝాన్సీగారూ, చల్లపల్లిలో బస్సువాడు ఆలస్యం చేశాడా? ముందు మజ్జిగ తాగండి" అంటూ చెయ్యి పట్టుకుని నన్నే నడిపించుకెళ్ళారు.

మిషను పెద్ద ట్రంకుపెట్టెంత ఉంది. దాత ఎవరో విదేశం నుంచి తెప్పించి ఇచ్చారట. మందపాటి కాగితం మీద లోపలి సూదులు టకటకా గుచ్చుతుంటే, వెనకవైపు చుక్కలు ఉబ్బుతాయి. ఆ చుక్కలే పిల్లలకు అక్షరాలు. దాన్ని నడిపిన కంప్యూటరు పాడైంది. పాలకాయతిప్ప సముద్రతీరం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి అక్కడ ఇనుమేదీ ఎక్కువకాలం బతకదు. కొత్త కంప్యూటరు కొన్నారు గానీ, అందులో ఆ పాత డ్రైవరు ఎక్కడం లేదు. కంపెనీకి మెయిల్ పెడితే, ఆ మోడలు మానేశాం, కొత్తది కొనుక్కోండి అని జవాబు.

ఆ ఏడాది పదో తరగతి పుస్తకాలు మారాయి. కొత్తవి బ్రెయిలీలో వాళ్ళ చేతికి రాలేదు. పిల్లలు ఫోనులో రికార్డు చేసిన పాఠాలు వింటున్నారు.

"వింటే చాలదా అండీ?" అని అడిగాను. నాకు నిజంగా తెలియక అడిగాను.

రత్నకుమారిగారు నవ్వలేదు. "మీకొక లెక్క చదువుతాను, వినండి. ఎక్స్ స్క్వేర్ ప్లస్ త్రీ ఎక్స్ మైనస్ టూ బై ఎక్స్ ప్లస్ వన్. ఇందులో బై తర్వాతది దేని కింద? టూ కిందా, మొత్తం కిందా?"

నేను కాగితం కోసం సంచీ వెతకడం మొదలుపెట్టాను.

"చూశారా! మీరు కాగితం మీద ఓసారి చూసుకుంటే తెలిసిపోతుంది. మా పిల్లలు వేలితో వెనక్కి వెళ్ళి చూసుకోవాలి. చెవికి వెనక్కి వెళ్ళడం రాదండీ."

ఇంతలో బడి కరస్పాండెంటు సూర్యప్రకాశరావుగారు వచ్చారు. కోడూరులో రొయ్యల చెరువులున్న రైతు. సొంత ఖర్చుతో ఆ బడి నిలబెట్టిన మనిషి. "చూడమ్మా, ఈ మిషను నడవాలని నాకూ ఉంది. కానీ పిల్లలు పెరిగారు. రాత్రిళ్ళు కొంతమంది భోజనాల హాల్లో పడుకుంటున్నారు. ఈ గదిలో మంచాలు వెయ్యాలి. దసరా సెలవులయ్యేదాకా ఆగుతాను. ఈలోపు అయ్యిందా, సరే. లేదంటే ఇనప సామాను వాడికి ఇచ్చేస్తాను" అన్నారు.

ఆయన మాటలో తప్పేమీ కనబడలేదు నాకు. మీకూ ఇలాంటివాళ్ళు తగులుతారు. వాళ్ళను శత్రువులనుకోకండి. మంచం లేని పిల్ల కూడా ఆ బడి పిల్లే.

గుడివాడ పెట్టె

మిషను భాష తెలియాలంటే, దానితో మాట్లాడగలిగే పాత కంప్యూటరు ఒక్కసారైనా లేవాలి. పాడైన కంప్యూటరు హార్డ్ డిస్కు అదృష్టంకొద్దీ బాగానే ఉంది. అదే కాలం నాటి ఇంకో కంప్యూటరు దొరికితే ఈ డిస్కు అందులో పెట్టి లేపొచ్చు. అలాంటివి ఎక్కడ దొరుకుతాయి? చాలాచోట్ల వెతికాను. చివరికి గుడివాడలో, మూతపడిన నెట్ సెంటరు అటక మీద ఒకటి దొరికింది. దాని ఓనరు దుమ్ము దులుపుతూ, "దీనిమీద ఎంతమంది పిల్లలు పరీక్షల రిజల్ట్స్ చూసుకుని ఏడ్చారో మేడం" అన్నాడు. ఊరికే ఇచ్చేశాడు.

అది లేచింది. పాత డ్రైవరు కూడా పలికింది. చాలాకాలానికి మిషను టకటకమనగానే వరండాలోంచి పిల్లలు గోడలు తడుముకుంటూ పరుగెత్తుకొచ్చారు. నేనే వాళ్ళను నిరాశపరచాల్సి వచ్చింది. ఆ పెట్టె వేడెక్కి కాసేపటికే ఆగిపోయేది. చల్లారాక మళ్ళీ లేచేది. పుస్తకాలు అచ్చువేయడానికి పనికిరాదు. చాటుగా వినడానికి మాత్రం పనికొస్తుంది.

కంపెనీ ప్రోగ్రాము లోపల ఏముందో నేను విప్పలేదు, నకలు తీయలేదు. బడి కొన్న మిషనూ బడి కొన్న కంప్యూటరూ మాట్లాడుకునే మాట విన్నాను, అంతే. మీరూ ఆ హద్దులోనే ఉండండి. నేను బందరులో నాకు తెలిసిన వకీలును ముందే అడిగాను. సిగ్గుపడకుండా అడగాల్సిన విషయం అది.

ఒక్కో చుక్క

బ్రెయిలీ అక్షరానికి ఒక గడి. గడిలో ఆరు చుక్కలకు చోటుంటుంది, ఎడమ పక్క మూడు, కుడి పక్క మూడు. ఏ చుక్కలు ఉబ్బాయన్నదాన్ని బట్టి అక్షరం. రత్నకుమారిగారు కీబోర్డు దగ్గర కూర్చుని ఒక్క అక్షరం కొట్టేవారు. పాత పెట్టె దాన్ని మిషనుకు పంపేది. మధ్యలో తగిలించిన నా లాప్‌టాప్‌లో ఆ మాట పడేది. నేను కాగితం చూసి, ఈ అంకెకు ఈ చుక్క అని రాసుకునేదాన్ని.

మొదట తొందరపడ్డాను. ఒకేసారి వాక్యాలు కొట్టించి పోల్చబోయాను. ఏది దేనివల్ల మారిందో తెలియక తల వాచిపోయింది. చివరికి మొదటికొచ్చాను. ఒకసారి ఒక్కటే మార్చాలి, మిగతాది కదపకూడదు. ఈ పనిలో ఇంతకన్నా పెద్ద సూత్రం నాకు తెలియదు. తెలివైన పిల్లలే దీన్ని ముందు ఉల్లంఘిస్తారు.

చుక్కల అంకెలు అర్థమయ్యాక, సొంతంగా ఒక వరస తయారుచేసి పంపాను. మిషను ఉలకలేదు, పలకలేదు. కంపెనీ డ్రైవరు పంపిన వరసకీ నా వరసకీ తేడా చివర్లో ఉంది. ప్రతి వరస చివరా ఒక అదనపు అంకె వస్తోంది. అదేమిటో పట్టుకోవడానికి చాలా అవస్థ పడ్డాను. తీరా చూస్తే అది లెక్క సరిచూసుకునే అంకె. బస్సు కదిలేముందు కండక్టరు తలలు లెక్కపెట్టుకున్నట్టు, ముందు వచ్చినవన్నీ కూడి చివర పెడతారు. కూడిక సరిపోకపోతే మిషను ఆ వరసనే నమ్మదు. కూడి పెట్టాను. టక్కుమంది.

ఆ శబ్దానికి రత్నకుమారిగారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. "పాతపెట్టె ఆపేసే ఉందిగా?" అన్నారు.

"ఆపేసే ఉందండీ."

"అయితే మీరే మాట్లాడారన్నమాట!"

ఎదురురాత

తెలుగును చుక్కల్లోకి మార్చే ఉచిత ప్రోగ్రాము ఒకటి అప్పటికే ఉంది. దాన్ని నా డ్రైవరుకు కలిపి, పదో తరగతి తెలుగు పుస్తకంలో ఒక పేజీ అచ్చు కొట్టించాను. కాగితం తీసి ఆవిడ చేతికిచ్చాను. వేళ్ళు మొదటి వరస మీద ఆగాయి, వెనక్కి వెళ్ళాయి, మళ్ళీ ఆగాయి. మొహం చిట్లించారు.

"ఇది ఏ భాషండీ?"

"తెలుగే!"

ఆవిడ మళ్ళీ నెమ్మదిగా తడిమారు. ఉన్నట్టుండి పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంటున్నారు. "అక్షరాలు ఎదురు తిరిగి కూచున్నాయి. వరస మాత్రం సరిగ్గానే నడుస్తోంది. మా పిల్లలు పలకమీద గుచ్చి రాసేటప్పుడు వెనకనుంచి రాస్తారు, అప్పుడు ఒక్కో అక్షరం ఇలాగే ఉంటుంది. ఝాన్సీగారూ, మీరు కాగితం ఏ వైపు చూసి నేర్చుకున్నారు?"

కాగితం మిషనులోంచి బోర్లా వస్తుంది. పైకి కనిపించేవి సూది గుచ్చిన గుంటలు. చుక్కలు అడుగున ఉంటాయి. నేను వెలుతురులో గుంటలను చూసి, అవే చుక్కలనుకుని, ఎడమది కుడి అనీ కుడిది ఎడమ అనీ రాసుకున్నాను. చేత్తో చదవాల్సినదాన్ని కంటితో చూశాను.

"మీ కళ్ళు మోసం చేశాయి" అన్నారావిడ. ఇక నవ్వు ఆపుకోలేదు. నేనూ నవ్వాను. అంకెలు అటువి ఇటు మార్చడం చిన్న పనే. ఆరోజు నుంచీ ఆవిడ దగ్గర బ్రెయిలీ నేర్చుకోవడం మొదలుపెట్టాను. నా వేళ్ళు మొద్దువి, ఇప్పటికీ కూడబలుక్కుంటూనే చదువుతాను. కానీ వాడేవాళ్ళ భాష రాకుండా వాళ్ళ మిషనుకు డ్రైవరు రాయబోవడం ఎంత అహంకారమో అర్థమైంది.

తర్వాత ఇంకో చిక్కు. పేజీ సగానికి వచ్చేసరికి వరసలు మాయమయ్యేవి. మిషను అప్పుడప్పుడు వెనక్కి ఒక చిన్న గుర్తు పంపుతోంది. దాన్ని మొదట్లోనే చూశాను గానీ, పట్టించుకోలేదు. అది "ఆగు" అనడం. నోట్లో ముద్ద ఉండగానే ఇంకో ముద్ద కుక్కుతున్నాను నేను. మిషను ఆగమన్నప్పుడు ఆగి, సరేనన్నాక పంపేలా మార్చాను. వరసలు మళ్ళీ పోలేదు.

బటన్, బటన్, బటన్

దసరా సెలవులు దగ్గరపడ్డాయి. అంతా అయిపోయిందనుకున్నాను. కొత్త కంప్యూటరు తెరమీద చక్కటి విండో పెట్టి, పుస్తకం ఎంచుకోవడానికీ అచ్చు మొదలుపెట్టడానికీ ఆపడానికీ బటన్లు పెట్టి, గర్వంగా రత్నకుమారిగారిని కూర్చోబెట్టాను. ఆవిడ తెరను చదివి వినిపించే ప్రోగ్రాముతో కంప్యూటరు వాడతారు. కీ నొక్కారు.

"బటన్" అంది కంప్యూటరు.

ఇంకోసారి నొక్కారు. "బటన్."

మళ్ళీ నొక్కారు. "బటన్."

"ఏ బటనండీ? అన్నీ బటన్లే అంటోంది!"

బటన్ల మీద బొమ్మలు పెట్టాను, పేర్లు పెట్టలేదు. చూపులేనివాళ్ళ మిషనుకు చూపున్నవాళ్ళు మాత్రమే నడపగలిగే ప్రోగ్రాము రాశాను. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న సూర్యప్రకాశరావుగారు కూడా నవ్వారు. ఆ నవ్వు నాకు మేలు చేసింది. అక్కడే కూర్చుని ప్రతి బటనుకీ తెలుగులో పేరు పెట్టాను. రత్నకుమారిగారు ఒక్కొక్కటీ విని, "అచ్చు మొదలుపెట్టు అని కాదండీ, ఊరికే అచ్చు అనండి, త్వరగా వినబడాలి" అంటూ సరిచేశారు. తర్వాత ఎవరి సాయమూ లేకుండా లెక్కల పుస్తకం మొదటి అధ్యాయం అచ్చు కొట్టారు. మొదటి పేజీ వేళ్ళతో చదివి, మడవకుండా గుండెకి ఆనించుకుని అలా కూర్చుండిపోయారు.

సూర్యప్రకాశరావుగారు గొంతు సవరించుకున్నారు. "సరే. కానీ మంచాల సంగతి?"

ఆ మాట అంటూనే ఆయన మిషను చుట్టూ ఒకసారి నడిచారు. మళ్ళీ ఆయనే, "నా ఆఫీసు గది ఎంతుంటుందమ్మా, ఈ మిషనుకి సరిపోతుందా?" అని అడిగారు. సెలవుల తర్వాత వెళ్ళేసరికి మిషను ఉన్న గదిలో మంచాలు, ఆయన గదిలో మిషను, ఆయన కుర్చీ బల్లా వరండాలో. వచ్చినవాళ్ళతో మిషను శబ్దం మీదుగా అరుస్తూ మాట్లాడుతున్నారు.

అందరికీ ఎందుకిచ్చాను

ఆ డ్రైవరును ఎవరైనా తీసుకునేలా, మార్చుకునేలా నెట్‌లో పెట్టేశాను. ఓపెన్ సోర్స్ అంటారు దాన్ని. కొంతమంది నన్ను అమాయకురాలన్నారు. నా ఆలోచన వేరు. ఆ మిషను ఇబ్బంది పెట్టింది మూత లోపలి సూదులవల్ల కాదు, భాష ఒక్కరి దగ్గరే ఉండిపోవడంవల్ల. నేను నేర్చుకుని నా దగ్గరే దాచుకుంటే, నా తర్వాత ఆ బడికి మళ్ళీ అదే గతి. అందుకే నాకు అర్థమైన ప్రతి గుర్తుకూ అర్థం ఏమిటో, ఏది ఇంకా అర్థం కాలేదో కూడా రాసి పెట్టాను. అర్థం కానిది ఒప్పుకుని రాయడం ముఖ్యం. ఎక్కడో కొండప్రాంతంలో ఒక బడి మాస్టారు నాకు తెలియని ఒక గుర్తు పట్టుకుని, కాగితం పొడవు మార్చడం ఎలాగో కలిపారు. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆయన రాసిన నాలుగు ముక్కలు ఇప్పుడు దివిసీమలో నడుస్తున్నాయి.

చదువుకునే గంట

షాపు మూసేశాక, చలికాలంలో ఒకరోజు ఊరికే చూసి వద్దామని బడికి వెళ్ళాను. తెలుగు క్లాసు జరుగుతోంది. ఆడపిల్లలందరి ముందూ మందపాటి పుస్తకాలు. రత్నకుమారిగారు పాఠం మధ్యలో ఒక పేరా చదివి, మిగతాది ఎవరికి వాళ్ళు చదువుకోమన్నారు. క్లాసు నిశ్శబ్దమైపోయింది. కాగితం మీద వేళ్ళు జరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను.

ఉన్నట్టుండి కిటికీ పక్క పిల్ల ఒకతె పకపకా నవ్వింది. తనొక్కతే. మిగతావాళ్ళంతా తలలు ఎత్తారు.

"ఎవరే అది?"

"నేనే టీచర్, దుర్గని."

"ఏముందే అంత నవ్వడానికి?"

"మావయ్య చెప్పులు కుక్క ఎత్తుకుపోయింది టీచర్!"

రత్నకుమారిగారు తన పుస్తకం మీద వేళ్ళు పరుగెత్తించారు. ఒక పేజీ తిప్పారు, ఇంకోటి తిప్పారు. "అది ఇంకో పాఠం కదే. అక్కడిదాకా మనమింకా రాలేదుగా?"

"మీరు రాలేదు టీచర్, నేను వచ్చేశాను" అంది దుర్గ.